మహమ్మారి కాలంలో చలికాలపు రాత్రి బస కేంద్రంలో సేవ చేయడం ఎలా

డిసెంబర్ నెల మొదలైనప్పటి నుంచి సంక్రాంతి దాటేదాకా వరంగల్‌లో తెల్లవారుజాము చలి ఎంతటిదో కాజీపేట జంక్షన్ బయట, హన్మకొండ బస్టాండు అరుగుల మీద, ఎంజీఎం దవాఖాన గోడ వెంట, ఎనుమాముల మార్కెట్ షెడ్ల కింద పడుకునేవారికే బాగా తెలుసు. ఉష్ణోగ్రత 15 డిగ్రీల కిందికి దిగే రాత్రి ఇంట్లో రగ్గు కప్పుకున్నవారికి హాయిగానే ఉంటుంది కానీ, సిమెంటు నేల మీద పలుచని దుప్పటితో పడుకున్న డెబ్బై ఏళ్ల మనిషికి అది ప్రాణాంతకం కావచ్చు. ఇంకా ఉత్తరాన ఆదిలాబాద్, కుమురం భీం జిల్లాల్లో 10 డిగ్రీల లోపు రాత్రులు కూడా వస్తాయి. తెలంగాణలో తొలి కరోనా కేసు 2020 మార్చిలో బయటపడిన తరువాత వచ్చిన రెండు చలికాలాల్లో ఈ మనుషులకు ఆశ్రయమివ్వడం ఎన్నడూ లేనంత చిక్కుగా మారింది. చలికి కిటికీలు మూయవలసి వస్తే, గాలిలో వ్యాపించే జబ్బుకు అవే కిటికీలు తెరవవలసి వస్తుంది. చలికి మనుషులు ఒకరి పక్కన ఒకరు ముడుచుకొని పడుకుంటారు, జబ్బేమో వారి మధ్య ఎడం కోరుతుంది. ఈ రెండింటినీ ఒకే హాలులో ఎలా కుదర్చాలన్నదే వాలంటీరు నేర్చుకోవలసిన అసలు పని. కరోనా మళ్లీ పెరిగినా, మరో కొత్త జబ్బు వచ్చినా, ఫ్లూ, క్షయ వంటివి తిరుగుతున్న ఏ చలికాలంలోనైనా ఈ పద్ధతి పనికివస్తుంది.

ముందుగా మీ గురించి

సేవ చేయాలన్న కోరిక ఉన్న ప్రతి ఒక్కరూ హాలు లోపల రాత్రంతా గడపవలసిన అవసరం లేదు. మీకు అరవై ఏళ్లు దాటినా, షుగరు, గుండెజబ్బు, ఉబ్బసం వంటివి ఉన్నా, మీరు గర్భవతి అయినా, ఇంట్లో మంచాన పడ్డ పెద్దవారు ఉన్నా వంట, దుప్పట్ల సేకరణ, ఫోన్లలో సమన్వయం, మందుల సరఫరా వంటి పనులు ఎంచుకోండి. ఆ పనులు లేకుండా ఏ బస కేంద్రమూ ఒక వారం కూడా నడవదు కనుక ఇది తక్కువ సేవ అనుకోవద్దు. లోపల పనిచేసేవారు టీకాలు పూర్తిగా వేయించుకొని ఉండాలి. గొంతు నొప్పి, జలుబు, ఒంటి నొప్పులు ఏ కొంచెం కనిపించినా ఆ రోజు రానని చెప్పాలి. ఈ మాట చెప్పడానికి మన వాళ్లు చాలా మొహమాటపడతారు. నేను రాకపోతే పని ఆగిపోతుందేమోనన్న బాధతో మాత్ర వేసుకొని వచ్చేస్తారు. అందుకే ప్రతి జట్టుకూ ఒక అదనపు మనిషిని మొదటి నుంచే సిద్ధంగా ఉంచుకోవాలి.

ముగ్గురు, నలుగురు చొప్పున చిన్న జట్లుగా ఏర్పడి, ఒక జట్టులోని వారు ఎప్పుడూ అదే వారం రోజుల్లో కలిసి పనిచేసేలా, మరో జట్టుతో కలవకుండా చూసుకోండి. ఒక జట్టులో ఎవరికైనా జబ్బు సోకితే ఆ జట్టు మాత్రమే ఇంటి దగ్గర ఆగిపోతుంది, మిగిలిన జట్లతో కేంద్రం నడుస్తుంది. అందరూ అందరితో కలిసి తిరిగితే ఒక్క కేసుతో కేంద్రానికే తాళం పడుతుంది.

కొత్తగా కేంద్రం పెట్టడం కంటే ఉన్న కేంద్రానికి చేయూతనివ్వడం మేలు. లక్ష జనాభాకు ఒకటి చొప్పున, ఏడాది పొడవునా, ఇరవై నాలుగు గంటలూ తెరిచి ఉండే, ఇల్లు లేనివారి వసతి గృహాలు పట్టణాల్లో ఉండాలని సుప్రీంకోర్టు 2010లో ఆదేశించింది. 2013లో వచ్చిన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ ఇందుకు మార్గదర్శకాలు ఇచ్చింది. మన రాష్ట్రంలో ఈ బాధ్యతను పట్టణాల్లో పేదరిక నిర్మూలన కోసం ఉన్న సర్కారు సంస్థ మెప్మా చూస్తుంది. నగరపాలక సంస్థ కార్యాలయంలో మెప్మా అధికారులను కలిసి ఏ కేంద్రంలో ఎన్ని పడకలున్నాయి, రాత్రి కాపలా ఎవరిది, ఏం కొరత ఉంది అని అడిగి తెలుసుకోండి. మీ పేర్లతో ఒక ఉత్తరం రాయించుకోండి. కర్ఫ్యూ ఉన్న రోజుల్లో రాత్రి పదకొండింటికి రోడ్డు మీద మిమ్మల్ని ఆపే పోలీసుకు చూపించడానికి ఆ కాగితమే ఆధారం.

హాలు, పడకలు, గాలి

మార్గదర్శకాల ప్రకారం ఒక్కో మనిషికి కనీసం 50 చదరపు అడుగుల చోటు ఉండాలి. 30 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు ఉన్న హాలులో ఈ లెక్కన పన్నెండు మందికి చోటుంటుంది. కానీ మహమ్మారి నాళ్లలో పడకకూ పడకకూ ఆరడుగుల ఎడం కావాలి. మూడడుగుల వెడల్పు పడకలను ఆరడుగుల ఎడంతో పొడవాటి గోడ వెంట పరిస్తే నాలుగు పడతాయి, ఎదుటి గోడ వెంట మరో నాలుగు. అంటే ఆ హాలులో ఎనిమిది మందే పడుకోగలరు. మిగిలిన నలుగురి కోసం పక్కనున్న కమ్యూనిటీ హాలునో, సెలవుల్లో ఖాళీగా ఉన్న బడి గదినో ముందే అడిగి పెట్టుకోవాలి. చోటు చాలదని మనుషులను వెనక్కి పంపడం, ఎలాగోలా సర్దుకుందామని పన్నెండు మందినీ ఇరికించడం రెండూ తప్పే. హాలు తక్కువై పడకలు కొంచెం దగ్గరకు జరపక తప్పని రాత్రి, ఒకరి తల ఉన్న వైపు పక్కవారి కాళ్లు వచ్చేలా పడుకోబెట్టండి. అప్పుడు ఒకరి ఊపిరికీ మరొకరి ఊపిరికీ మధ్య దూరం పెరుగుతుంది. నిద్రలో ఎవరికీ మాస్కు పెట్టవద్దు.

గాలి విషయంలో కొంచెం ఓపిక కావాలి. సాయంత్రం, ఎవరూ రాకముందు, హాలు మధ్యలో నిలబడి ఒక ఊదుబత్తి వెలిగించండి. పొగ నిటారుగా లేచి అక్కడక్కడే తిరుగుతూ ఉంటే గాలి కదలడం లేదని అర్థం. ఇప్పుడు తల కంటే ఎత్తులో ఉన్న వెంటిలేటర్లు ఒక గోడకు, ఎదుటి గోడకు తెరిచి మళ్లీ చూడండి. పొగ పైకి లేచి ఒక వైపు వంగి బయటకు పోతుంటే చాలు. కింది కిటికీలు మూసి, పై వెంటిలేటర్లు తెరిచి ఉంచితే మనుషుల ఊపిరితో వేడెక్కిన గాలి పైనుంచి బయటకు పోతుంది, చలిగాలి నేరుగా పడకల మీద పడదు. వెంటిలేటర్లు లేని హాలైతే ఒక కిటికీలో టేబుల్ ఫ్యాను గాలిని బయటకు తోసేలా తిప్పి పెట్టి, దూరంగా ఉన్న మరో కిటికీని నాలుగు వేళ్ల వెడల్పు తెరిచి ఉంచండి. ఆ రెంటికీ మధ్య గీత గీసినట్టుగా గాలి వెళ్తుంది కాబట్టి ఆ గీత మీద పడక వేయవద్దు. రాత్రి ఎవరో ఒకరు లేచి, చలేస్తోందని కిటికీ మూసేస్తారు. వారిని కసురుకోవడం కాకుండా వారి పడకను లోపలికి జరిపి, ఇంకో దుప్పటి ఇచ్చి, కిటికీ మళ్లీ తెరవండి. ఈ ఒక్క పని రాత్రిలో పలుమార్లు చేయవలసి వస్తుంది.

మూసిన గదిలో బొగ్గుల కుంపటి ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టకూడదు. దాని నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, రంగు ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. చలిమంట కావాలనేవారికి ఆవరణలో, గోడలకు దూరంగా, కట్టెలతోనే వేయాలి. టైర్లు, ప్లాస్టిక్ అందులో వేయనివ్వద్దు. పడుకునే ముందు నీళ్లు చల్లి ఆర్పాలి.

కిటికీలు తెరిచి ఉంచాలంటే పడక గట్టిగా ఉండాలి. దుప్పట్లు పంచేవారు చాలామంది కింద వేసే పరుపు గురించి ఆలోచించరు. ఒంట్లోని వేడి పైకి పోయే దానితో సమానంగా కింద నేలలోకి కూడా పోతుంది. రెండు దుప్పట్లు దొరికితే ఒకటి కింద వేయమని చెప్పండి. మంచాలు లేని చోట ముందు అట్టపెట్టెలు విప్పి పరచండి, వాటి మీద పొడి గోనె సంచులు, వాటి మీద జంపఖానా వేయండి. మన కొత్తవాడ నేతన్నలు నేసే వరంగల్ జంపఖానాకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దళసరి నూలుది కావడం వల్ల ఉతికి ఎండలో వేస్తే మళ్లీ వాడుకోవచ్చు, కాబట్టి ఇలాంటి కేంద్రానికి ఇంతకంటే తగిన పరుపు నాకు తెలియదు. గొంగడి తడిసినా కొంత వెచ్చదనం నిలుపుతుంది కానీ మాటిమాటికీ ఉతకడం కుదరదు. అందుకని గొంగడిని ఒక్కరికే ఇచ్చి, మూలన గుడ్డముక్క కుట్టి అంకె రాసి, వారు ఉన్నన్నాళ్లూ వారిదేనని చెప్పండి. పక్కబట్టలు ఒకరివి ఒకరు వాడకపోవడం వల్ల జబ్బుతో పాటు గజ్జి, పేలు కూడా ఆగుతాయి. ఉతకలేని వాటిని ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించి రెండు వారాలు పక్కన పెట్టి తీయవచ్చు. ఇవన్నీ సేకరించడం కార్తీక మాసంలోనే మొదలుపెట్టండి. సంక్రాంతికి దుప్పట్లు పంచేవారు ఎక్కువే కానీ అప్పటికి చలికాలం సగం పైన గడిచిపోతుంది.

పిలుచుకురావడం

కేంద్రం తెరిచినంత మాత్రాన మనుషులు రారు. రాత్రి తొమ్మిది తరువాత ఇద్దరిద్దరుగా వెళ్లి పలకరించాలి. మొదటి రోజు రమ్మని అడగకుండా మాట్లాడి, చాయ్ ఇచ్చి రండి. అవ్వా, తాతా, అన్నా, అక్కా అని పిలుస్తూ, నిలబడి కాకుండా వారి ఎత్తుకు కూర్చుని, మాస్కు వల్ల మాట అణిగిపోతుంది కాబట్టి నెమ్మదిగా మాట్లాడండి. రానని అనేవారి దగ్గర ప్రతిసారీ బలమైన కారణం ఉంటుంది. మార్కెట్ హమాలీకి తెల్లవారక ముందే పనికి పోవాలి, మీ గేటు ఆరింటికి తెరుస్తారని విన్నాడు. ఒక అవ్వకు తన మూట ఎవరైనా ఎత్తుకుపోతారన్న భయం. ఎంజీఎంలో చేరిన రోగి వెంట ములుగు నుంచో భూపాలపల్లి నుంచో వచ్చిన మనిషికి, రాత్రి వార్డు నుంచి పిలుపు వస్తే అందుబాటులో ఉండలేనేమోనన్న బెంగ. వలస కూలీకి తెలుగు రాదు. "పరీక్ష చేసి ఎక్కడికో తీస్కపోతరంట గద" అని అడిగేవారు కరోనా కాలంలో చాలామంది. వీటిలో ప్రతిదానికీ ఒక జవాబు మీ దగ్గర ఉండాలి: రాత్రి ఏ వేళైనా తెరిచే గేటు, పడక పక్కనే మూట పెట్టుకునే వీలు, వార్డు నర్సుకు ఇచ్చిన కేంద్రం ఫోన్ నంబరు, హిందీ, ఉర్దూ, లంబాడీ మాట్లాడగల ఒక వాలంటీరు. జవాబు లేకపోతే ఉన్నదని చెప్పవద్దు. ఎవరినీ బలవంతంగా బండి ఎక్కించవద్దు. రానివారికి దుప్పటి, కింద వేసుకోవడానికి అట్ట, ఒక మాస్కు ఇచ్చి మరుసటి రాత్రి మళ్లీ వెళ్లండి.

ఫోటోలు తీయవద్దు. దుప్పటి అందుకుంటున్న మనిషి ముఖం వాట్సాప్ స్టేటస్‌లో పెట్టడం వల్ల ఎన్నో మైళ్ల దూరంలో ఉన్న అతని కూతురు ఆ ఫోటో చూడవచ్చు. ఆయన ఇక్కడ ఇలా ఉన్నాడని ఆమెకు చెప్పాలో వద్దో నిర్ణయించుకోవలసింది ఆయనే. దాతలకు లెక్క చూపించాలంటే బిల్లులు చూపండి.

గుమ్మం దగ్గర

లోపలికి వచ్చేవారిని పరీక్షించే పనిలో చలికాలం రెండు తప్పుడు లెక్కలు చూపిస్తుంది, ఈ రెండూ వాలంటీర్లందరికీ తెలిసి ఉండాలి. మొదటిది నుదుటి మీద పెట్టి చూసే థర్మామీటరు. బయట చలిలో గంటల తరబడి ఉన్న మనిషి నుదురు చల్లబడి ఉంటుంది కాబట్టి లోపల 101 డిగ్రీల జ్వరం ఉన్నా అది మామూలుగా చూపించవచ్చు. వరండాలో గాలి తగలని చోట కుర్చీలు ఎడంగా వేసి, పదిహేను, ఇరవై నిమిషాలు కూర్చోబెట్టి, గోరువెచ్చని నీళ్లిచ్చి, అప్పుడు చూడండి. ముసలివారిలో జబ్బు ముదిరినా జ్వరం రాకపోవచ్చు, అందుకని థర్మామీటరు అంకె చూసి తృప్తి పడకుండా దగ్గు, ఆయాసం, విరేచనాలు, రుచి వాసన తెలియకపోవడం గురించి అడగండి.

రెండవది వేలికి పెట్టే ఆక్సీమీటరు. చల్లబడిన వేళ్లలో రక్తప్రసారం తగ్గి అది ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది, లేదా అంకె నిలవకుండా ఊగుతూ ఉంటుంది. 88 చూసి కంగారుపడి 108కి ఫోన్ చేసే ముందు, మనిషి ఆయాసపడకుండా మామూలుగా మాట్లాడుతున్నాడేమో గమనించండి. రెండు అరచేతులూ రుద్దుకోమని, వేడి చాయ్ గ్లాసును పట్టుకొని కూర్చోమని చెప్పి, ఐదు నిమిషాల తరువాత చేతిని గుండె ఎత్తులో ఒళ్లో పెట్టించి, నాడి అంకె నిలకడగా ఉందని చూసుకొని, ఒక నిమిషం ఆగి చదవండి. గోరింటాకు, గోళ్ల రంగు ఉన్న వేలు కాకుండా మరో వేలు ఎంచుకోండి. వేళ్లు వెచ్చబడ్డాక కూడా 94 కంటే తక్కువ ఉంటే ఆ రాత్రే వైద్యులతో మాట్లాడాలి, 90 కంటే తక్కువైతే ఆలస్యం లేకుండా 108. మనిషి ఎగశ్వాసతో మాట పూర్తి చేయలేకపోతుంటే మీటరు ఎంత చూపించినా దాన్ని నమ్మవద్దు, వెంటనే పిలవండి.

పేరు, వయసు, ఊరు వారు చెప్పినది చెప్పినట్టు రాసుకోండి. ఆధార్ కార్డు లేదని ఎవరినీ ఆపకూడదు. గుర్తింపు కార్డు లేనివారికి టీకా వేయడానికి కేంద్ర ఆరోగ్య శాఖ 2021 మే నెలలోనే ప్రత్యేక విధానం ఇచ్చింది, ఆ సంగతి తెలియక అర్హులైనవారు ఎందరో టీకా లేకుండా తిరిగారు. టీకా వేయించినప్పుడు ఆ కాగితం నకలు ఒకటి వారి చేతికి, ఒకటి కేంద్రం ఫైలులో ఉండాలి. రోజూ వాడే మందులున్నాయా అని అడగండి. దగ్గు రెండు వారాలు దాటిన ప్రతి ఒక్కరికీ క్షయ పరీక్ష చేయించండి. సర్కారు దవాఖానలో పరీక్ష, మందులు రెండూ ఉచితం. కరోనా పరీక్షలో లేదని తేలగానే ఆ దగ్గును వదిలేయడం పెద్ద పొరపాటు, ఎందుకంటే క్షయ కూడా అదే హాలు గాలిలో అదే విధంగా పాకుతుంది.

జ్వరం ఉన్న మనిషిని మాత్రం చలిలోకి వెనక్కి పంపకూడదు. ఈ ఒక్క నియమానికి మినహాయింపు పెట్టుకుంటే మనం నడుపుతున్నది ఆశ్రయం కాదు. దీనికోసం తలుపు ఉన్న ఒక గదిని, వీలైతే విడి మరుగుదొడ్డితో, మొదటి రాత్రి నుంచే ఖాళీగా ఉంచాలి. ఎంత రద్దీ ఉన్నా ఆ గదిని మామూలు పడకలకు వాడవద్దు. అక్కడి కిటికీ ఎప్పుడూ తెరిచి ఉండాలి, కాబట్టి అందరికంటే దళసరి పరుపు, రెండు రగ్గులు ఆ గదికి కేటాయించండి. భోజనం, నీళ్లు గుమ్మంలో పెట్టి, ఒకే వాలంటీరు ఎన్95 మాస్కుతో చూసుకోవాలి. ఉదయమే పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పరీక్ష చేయించండి. ర్యాపిడ్ పరీక్షలో లేదని వచ్చినా లక్షణాలుంటే ఆర్టీపీసీఆర్ ఫలితం వచ్చేదాకా ఆ గదిలోనే ఉంచండి. అన్నిటికంటే ముఖ్యంగా, గదిలో ఎందుకు ఉంచారో, ఎన్ని రోజులో, తన మూట ఎక్కడుందో ఆ మనిషికి వివరంగా చెప్పాలి. చెప్పకపోతే రాత్రికి రాత్రే గోడ దూకి వెళ్లిపోతారు, మళ్లీ ఎన్నడూ రారు.

అన్నం పెట్టే వేళ

భోజనం వేళ అందరి మాస్కులూ కిందికి దిగుతాయి కాబట్టి ఏడింటికి, చలి ముదరక ముందే, వరండాలో లేదా ఆవరణలో పెట్టేయండి. వరుసలో నిలబెట్టకుండా కూర్చున్న చోటికే వడ్డించండి. మెత్తటి అన్నం, పప్పుచారు, జొన్న గట్క వంటివి పళ్లు లేనివారికి కూడా నడుస్తాయి. కొన్ని రోజులుగా ఏమీ తినని మనిషికి ఒక్కసారిగా కడుపునిండా పెడితే ప్రమాదం, గంట గంటకూ కొంచెం కొంచెం జావ ఇచ్చి, మరుసటి రోజు దవాఖానలో చూపించాలి. రాత్రికి ఫ్లాస్కులో వేడినీళ్లు ఉంచండి.

శుభ్రం గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. చేతులు సబ్బుతో కడుక్కోవడానికి గోరువెచ్చని నీళ్లు ఉంటేనే చలిలో ఎవరైనా కడుక్కుంటారు. మరుగుదొడ్డి, కొళాయిలు, గొళ్లేలు తుడవడానికి ఐదు శాతం హైపోక్లోరైట్ ద్రావణం ఒక వంతుకు నాలుగు వంతుల నీళ్లు కలపండి. దాన్ని యాసిడ్‌తో కలిపితే విషవాయువు పుడుతుంది. మనుషుల మీద చల్లడం హాని చేస్తుంది, అవమానం కూడా. నేల తుడవడానికి పెట్టే శ్రమలో సగమైనా కిటికీల మీద పెట్టమని నా సలహా, ఎందుకంటే ఈ జబ్బు ప్రధానంగా గాలిలోనే వస్తుంది.

రాత్రి కాపలా

ఇద్దరు మేలుకొని ఉండాలి, వారిలో ఒకరు గంటకోసారి పడకల మధ్య నడవాలి. ఒంటి లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీల సెల్సియస్ (95 ఫారెన్‌హీట్) కిందికి పడిపోతే మనిషి మాట ముద్దముద్దగా వస్తుంది, నడక తూలుతుంది, అడిగినదానికి పొంతన లేని జవాబు వస్తుంది. ఇది అచ్చం తాగిన మనిషి తీరులాగే ఉంటుంది. తాగి పడి ఉన్నాడులే అని వదిలేసిన మనిషి తెల్లారేసరికి చనిపోవడానికి ఇదే కారణం. వణుకుతున్న మనిషి కంటే వణుకు ఆగిపోయి, చల్లగా, మత్తుగా ఉన్న మనిషి ఎక్కువ ప్రమాదంలో ఉన్నాడు. చేతిని ఆయన పొట్ట మీద, బట్టల లోపల పెట్టి చూడండి, అక్కడ కూడా చల్లగా తగిలితే 108కి ఫోన్ చేయండి. తడి బట్టలు విప్పించి, పొడి దుప్పట్లలో తలతో సహా చుట్టి, ముఖం మాత్రం వదలండి. వేడినీళ్ల సీసాలను గుడ్డలో చుట్టి చంకల్లో, ఛాతీ పక్కన పెట్టండి. కాళ్లు చేతులు రుద్దకూడదు, వేడినీళ్ల స్నానం చేయించకూడదు, గబగబా లేపి నడిపించకూడదు. మెలకువగా ఉండి మింగగలిగితేనే తియ్యటి చాయ్ ఇవ్వాలి. వెచ్చబడుతుందని సారా, బ్రాందీ పట్టించేవారిని అడ్డుకోండి, దానివల్ల చర్మంలోని రక్తనాళాలు విచ్చుకొని ఉన్న వేడి కూడా బయటికి పోతుంది.

మన ప్రాంతంలో మరో సంగతి ఉంది. 2020 లాక్‌డౌన్‌లో కల్లు దుకాణాలు మూతపడగానే, మత్తుమందు కలిపిన కల్లుకు అలవాటుపడ్డవారు తెలంగాణ అంతటా దవాఖానల పాలయ్యారు. కల్లు, సారా హఠాత్తుగా ఆగిన ఒకటి నుంచి మూడు రోజుల్లో నిద్ర పట్టకపోవడం, చేతుల వణుకు, చెమటలు, లేని మనుషులు కనిపించడం, ఫిట్స్ మొదలవుతాయి. కేంద్రంలో తాగకూడదన్న నియమం పెట్టినవారు ఈ సంగతి తెలుసుకొని ఉండాలి. వచ్చినప్పుడే "రోజు కల్లు తాగుతవా తాతా, ఆఖరుకు ఎప్పుడు తాగినవు" అని, తప్పుపట్టని గొంతుతో అడిగి రాసుకోండి. వణుకు మొదలైతే అది సంకల్పబలంతో తగ్గేది కాదు, వైద్యం కావాలి. ఫిట్స్ వస్తే చేతిలో తాళంచెవులు, ఇనుప ముక్క పెట్టడం, నోట్లో గుడ్డ కుక్కడం ఏదీ చేయవద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టి, తల కింద మెత్తటిది పెట్టి, 108 వచ్చేదాకా పక్కనే కూర్చోండి.

తనలో తాను మాట్లాడుకుంటూ, మాటిమాటికీ బయటికి వెళ్లిపోయే మనిషిని గదిలో పెట్టి గొళ్లెం వేయకండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 100వ సెక్షన్ ప్రకారం, అలా తిరిగే వ్యక్తి తనను తాను చూసుకోలేని స్థితిలో ఉన్నారనిపిస్తే రక్షణలోకి తీసుకొని, 24 గంటల్లోగా సర్కారు వైద్యశాలకు చేర్చవలసిన బాధ్యత ఆ ప్రాంతపు పోలీసు ఠాణా అధికారిది. స్టేషన్‌కు వెళ్లినప్పుడు ఈ సెక్షన్ పేరు చెప్పి అడగండి. ఒంటరి పిల్లలు కనిపిస్తే 1098, ఇంటివాళ్లు వదిలేసిన పెద్దవారికి 14567, ఆపదలో ఉన్న స్త్రీకి 181. ఈ నంబర్లు గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉండాలి. స్త్రీలకు విడి గది, లోపలి నుంచి గడియ, రాత్రి కాపలాకు ఒక మహిళా వాలంటీరు తప్పనిసరి.

ఉదయం

తెల్లవారుజామున పనికి పోయేవారికి చాయ్, ఒక పొడి మాస్కు ఇచ్చి పంపండి. చలిలో ఊపిరి తేమకు మాస్కు త్వరగా తడిసిపోతుంది, తడిసిన మాస్కు ఎవరూ పెట్టుకోలేరు. అందరూ లేచాక కిటికీలన్నీ ఒక గంట బార్లా తెరవండి, జంపఖానాలు, రగ్గులు ఎండకు వేయండి. రాత్రి ఎవరు దగ్గారు, ఎవరు తినలేదు, ఎవరిని దవాఖానకు పంపారు అన్నది పుస్తకంలో రాసి, తరువాతి జట్టుకు ఆవరణలో నిలబడి, దూరం నుంచే చదివి వినిపించండి. దవాఖానకు పంపిన మనిషి ఏ వార్డులో ఉన్నారో ఆ రోజే కనుక్కోవడం ఒకరి పనిగా పేరు పెట్టి అప్పగించకపోతే అది ఎవరి పనీ కాకుండా పోతుంది. ఇల్లు చేరాక చెప్పులు బయట వదిలి, బట్టలు సబ్బునీళ్లలో వేసి, స్నానం చేసి లోపలికి వెళ్లండి. ఎన్95 మాస్కును కాగితపు సంచిలో తేదీ రాసి, గాలి తగిలే చోట తగిలించండి. ఐదు మాస్కులు మార్చి మార్చి వాడుకుంటే ఒక్కోదానికి నాలుగు రోజుల విరామం దొరుకుతుంది.

ఫిబ్రవరిలో చలి తగ్గగానే చాలామంది వాలంటీర్లు రావడం మానేస్తారు. కేంద్రం మాత్రం వేసవిలో కూడా నడుస్తుంది. మీరు ఆపేయదలిస్తే ఆఖరి వారంలో మీ పుస్తకాన్ని కేంద్రం మేనేజరుకు అప్పగించి, క్షయ మందులు మధ్యలో ఉన్నవారి పేర్లు, రెండో డోసు టీకా తేదీలు, పింఛను దరఖాస్తు పెట్టినవారి రసీదులు ఒక్కొక్కటిగా చూపించి, సంతకం తీసుకోండి.